తప్పిపోయిన కుమారుడును మన పెద్దల నోటిమాటయు

గ్రియర్సన్ దొరగారు 1894లో ఆరంభించి 1928లో ముగించిన భారతదేశ భాషల సర్వేలో ప్రతి భాషకును నమూనాగా ఎన్నుకొన్నది లూకా 15వ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని ఉపమానము. మూడు పురుషలు, విభక్తులు, మూడు కాలములు అందులో ఇమిడియున్నవి. వ్యాకరణవేత్తకు కావలసినది అదే గదా! దానితోపాటు స్థానికుల కథయో పాటయో మరియొకటి సేకరించిరి. మా మట్టుకు ఆ రెండవదే రుచి.

అయితే ఆ సర్వే మద్రాసు రాజధానికిని నైజాం రాజ్యమునకును రాలేదు. మద్రాసువైపు తెలుగు గొంతులు తరువాత గ్రామఫోను రికార్డులకెక్కినవి. చికాగో విశ్వవిద్యాలయము వాటిని భద్రపరచి వినిపించుచున్నది.

ఇక మన వైపు? డోర్నకల్ దేవాలయము 1939లో ప్రతిష్ఠితమైనది. దాని గుమ్మటములు మసీదును, స్తంభములు గుడిని తలపించును. ఈ సంగతి పుస్తకములలో నున్నది. రాళ్లు మోసినవారి మాట మాత్రము వారి పిల్లల నోటనే మిగిలినది, ఆ పిల్లలకు ఎనుబదియేండ్లు దాటినవి.

అందుచేత మేము సెల్ ఫోను పట్టుకొని వారియొద్ద కూర్చుండుచున్నాము. ప్రశ్నల పట్టికతో పోయితిమా, "అంతా దేవుని కృప అయ్యగారూ" అని ఊరకుందురు. నాట్లలో ఏ పాట పాడితిరి, పెండ్లిలో డప్పు ఎవరు కొట్టిరి అని అడిగితిమా, ప్రొద్దు క్రుంకువరకు చెప్పుదురు. పేరు, ఊరు, తేదీ మొదటనే పలికించవలెను. లేనియెడల పదేండ్లకు అది ఎవరి గొంతో తెలియదు. మధ్యలో మనుమలు తప్పులు దిద్దరాదు.

దొరలకు చేసిన వెట్టిచాకిరి మాట వచ్చినప్పుడు కొందరు, "అది ఆపుండ్రి" అందురు. వెంటనే ఆపుదుము. ఫోను ప్రక్కన పెట్టిన పిమ్మట వారు చెప్పినది మేము వ్రాయుట లేదు.