ఉమ్మడి మార్కెట్టులో కొనుగోలుదారు

1989 జనవరి 19వ తేదీన ఇటలీలోని మిలాను సెంట్రల్ రైల్వేస్టేషనులో ఒక స్త్రీ, తాను కోరకయే తన్ను సమీపించిన ఒక కంపెనీతో ఒప్పందము చేసికొనెను. పోస్టుద్వారా ఇంగ్లీషు నేర్పుట ఆ కంపెనీ వ్యాపారము. కొలది దినములకు మనసు మారి, 23వ తేదీన రిజిస్టరు ఉత్తరము వ్రాసి ఆమె విరమించుకొనెను. కంపెనీ యొప్పుకొనక, ఆ బాకీని మరియొక సంస్థకు బదలాయించెను. వ్యవహారము ఫ్లోరెన్సులోని న్యాయాధికారి యెదుటికి వచ్చెను.

"అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు" అను పలకను మన బజారులలో చూడనివారుండరు. ఐరోపాలో సంగతి వేరని తలంతుము. 1957లో ఆరు దేశములు రోములో సంతకములు చేసిన ఉమ్మడి మార్కెట్టు ఒడంబడికలో కొనుగోలుదారుని రక్షణకు ప్రత్యేకాధ్యాయమే లేదు. సుంకపు గోడలు కూలిన సరుకు చౌకయగును, అదియే అతనికి మేలని నాటి పెద్దల భావన. 1975లో గాని కొనుగోలుదారుల హక్కులపై తొలి కార్యక్రమము వెలువడలేదు. దుకాణము వెలుపల జరుగు అమ్మకములను గూర్చి 1977లో ప్రతిపాదించిన ఆదేశము 1985 డిసెంబరులో ఆమోదింపబడెను. అన్ని ప్రభుత్వములును తలయూపవలెను గదా! దాని ప్రకారము కొన్నవానికి కనీసము ఏడు దినముల గడువు కలదు, ఆలోగా విరమించుకొనవచ్చును. ఇంతకంటె ఉదారముగా నుండదలచిన దేశమునకు అడ్డులేదు.

ఈ ఆదేశమును ప్రతిదేశమును రెండేండ్లలో తన చట్టముగా వ్రాసికొనవలెను. ఇటలీ 1992 వరకు వ్రాసికొనలేదు. మిలాను ఒప్పందము 1989 నాటిది!

ఫ్లోరెన్సునుండి ప్రశ్న లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమునకు పోయెను. 1994 జులై 14న తీర్పు వచ్చెను. ఆదేశము ప్రభుత్వమును బంధించును గాని, దానిని చూపి ఒక పౌరుడు మరియొక పౌరునిపై హక్కు సాధింపజాలడనిరి. ఉన్న చట్టమునే న్యాయాధికారి వీలైనంతవరకు ఆదేశమునకు అనుగుణముగా చదువవలెను. అదియు కుదరనిచో, చట్టము చేయని ప్రభుత్వమునుండి నష్టపరిహారము కోరవచ్చుననిరి. తర్కము నిర్దుష్టమే కావచ్చును. కాని కొన్ని పాఠముల వెలకొఱకు ఒక సామాన్యురాలు ప్రభుత్వముపై దావా వేయుట ఎట్టి ఊరటయో నాకు బోధపడదు.

2011లో ఐరోపా సమాఖ్య పాత ఆదేశమును మార్చి, గడువును పదునాలుగు దినములు చేసెను. ఇది 2014 జూన్ 13 నుండి అమలులోనికి వచ్చెను. ఈమారు కనీసమను మాట తీసివేసి, అందరికిని సాధారణముగా ఒకే కొలతను విధించిరి. అమ్మువాడు ఈ హక్కును తెలుపకపోయినచో ఆ గడువునకు మరి పండ్రెండు మాసములు చేరును.