చూపించాల్సిన డబ్బు

మా ఆదోనిలో సంబంధం మాట్లాడేటప్పుడు అడిగే ప్రశ్నా, పిల్లను పై చదువుకు అమెరికా పంపేటప్పుడు అడిగే ప్రశ్నా ఒకటే. మీకేముంది? సంబంధానికైతే నోటిమాట చాలు. "పదైదు ఎకరాల నల్లరేగడి, ఊర్లో ఇల్లు, మండీలో వాటా" అంటే అవతలివాళ్లు ఇద్దరు ముగ్గురిని విచారించుకుని తల ఊపుతారు. వీసాకు మాత్రం ప్రతి మాటకూ ఒక కాగితం కావాలి, ఆ కాగితం మీద ఒక ముద్ర కావాలి.

మా పాప ఎమ్మెస్‌కు వెళ్లాలనుకున్న ఏడాది ఆ కాగితాలు వెతికే పని నా మీద పడింది. మండీ మా ఆయనది, బీరువా తాళాలు నావి కదా. నెల రోజులు పాత దస్తావేజులు తిరగేశాను. తిరగేసేకొద్దీ నాకు వేరే ఆలోచన మొదలైంది. మా సీమలో "నీకేముందో చూపించు" అని ప్రభుత్వాలు ఎప్పటినుంచి అడుగుతున్నాయి? దేన్ని ఆస్తి అన్నాయి, దేన్ని కాదన్నాయి?

కొన్ని పాత కాగితాల మీద "బళ్ళారి జిల్లా, ఆదోని తాలూకా" అని ఉంటుంది. పిల్లలకది వింత. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. ఎమ్మిగనూరు కూడా అప్పుడు ఆదోని తాలూకాలోని ఊరే. ఇంకా వెనక్కి వెళితే, 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చిందే. థామస్ మన్రో 1807 వరకు వీటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, పొలాలు కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టే పద్ధతి నడిపాడు. పట్టా, అడంగల్ అన్న మాటలు మన ఇళ్లలో అన్నం, నీళ్లంత మామూలైంది ఆ రైత్వారీ వల్లనే. అంటే మా సీమలో కుటుంబానికి "ఇంత ఉంది" అని రాసిచ్చిన కాగితం మొదట పుట్టింది శిస్తు వసూలుకు. వీసా ఫైలులో మనం ఎంతో గర్వంగా పెట్టే అడంగల్‌కు ఆ పుట్టుక ఉంది.

భూమి కాగితం ఉన్నంత మాత్రాన చేతిలో డబ్బున్నట్టు కాదని మా సీమవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ నలిగిన జిల్లాల్లో బళ్ళారి, కర్నూలు ఉన్నాయి. పట్టాలున్న రైతులే కంకర కొట్టే కరువు పనులకు వెళ్లారు. కాన్సులేట్ ఆఫీసరు "పొలం సరే, ఖర్చుకు డబ్బేదీ?" అంటే మనకు కోపం వస్తుంది గానీ, ఆ ప్రశ్నలో మా ముత్తవ్వలకు తెలిసిన నిజమే ఉంది.

రైతు ఇంటికి ఇంకో చిక్కు ఉంది. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపన్ను లేదు. అది వరమే, కానీ పన్ను లేనిచోట రిటర్నులు ఉండవు, రిటర్నులు లేనిచోట ఆదాయానికి సాక్ష్యం ఉండదు. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం ఒకటి, యార్డులో పత్తి తూకం వేసి ఇచ్చిన తక్‌పట్టీలు నాలుగు, వాటిమీద చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ఆస్తుల లెక్క ఒకటి. ఒక ఇంటి ఇరవై ఏళ్ల రెక్కల కష్టం అంతే.

ఇక మండీ. మా ఊరి పేరు పత్తి వల్లే బయటికి తెలిసింది. జిన్నింగు మిల్లులు, మార్కెట్ యార్డు, బొంబాయి-మద్రాసు రైలు మార్గం, అన్నీ ఆ తెల్లబంగారం చుట్టూ పెరిగినవే. పత్తి ఇల్లు చేరే చలికాలంలో మండీలో డబ్బు వరదలా వస్తుంది. మే, జూన్ వచ్చేసరికి ఆ వరదంతా విత్తనాలకు, ఎరువులకు, రైతుల అడ్వాన్సులకు పోయి ఉంటుంది. అమెరికాలో ఆగస్టులో క్లాసులు మొదలయ్యే పిల్లలకు వీసా ఇంటర్వ్యూలు పడేది సరిగ్గా ఆ నెలల్లోనే. తొలకరి కోసం ఖాతా ఖాళీ అయ్యాక "ఖాతా చూపించు" అంటారు! జనవరిలో అడిగితే మా ఆయన కూడా దర్జాగా చూపించేవాడు.

బ్రిటన్ వాళ్ల నియమం ఇంకా విచిత్రం. ఫీజుకూ, తొమ్మిది నెలల వరకు ఖర్చులకూ సరిపడే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్కరోజు కూడా తగ్గకూడదు. మండీ మనిషికి డబ్బును 28 రోజులు నిద్రపుచ్చడమంటే పాపం చేసినట్టే. జర్మనీ వాళ్లు ఖాతా చూసి కూడా నమ్మరు. ఏడాదికి 11,904 యూరోలు ముందే ఒక ఖాతాలో వేసి బిగించేయాలి, పిల్లవాడు అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున తీసుకోవచ్చు. నిజం చెప్పాలంటే నాకు జర్మనీ పద్ధతే నచ్చింది. మీ తాత ఎవరు, ఎకరాలెన్ని అన్న గొడవ లేదు.

ఎమ్మిగనూరులో మా మేనత్తవాళ్లది మగ్గం ఇల్లు. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఆ ఊరి రూపే మార్చింది. నూలు సంఘం ఇవ్వడం, నేసిన బట్ట సంఘం తీసుకోవడం, కూలి పుస్తకంలో రాయడం. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. సావుకారి దయ మీద బతికే నేతగాడికి లెక్క రాసిన పుస్తకం చేతికి రావడం చిన్న సంగతి కాదు. కానీ ఆ పుస్తకంలో పేరు మామది. తెల్లవారి లేచి కండెలు చుట్టింది మా మేనత్త. పడుగు, పేక రెండూ ఆమె చేతుల మీదుగానే మగ్గం ఎక్కేవి. కూలి బట్టకు కట్టారు, కండెలకు కాదు. ఆమె మనవడు రేపు విదేశానికి వెళ్తానంటే కుటుంబ ఆదాయం గడిలో ఆమె వాటా ఏమని రాస్తారు?

అవతలి దేశం సంగతి కూడా కొంచెం చెప్పాలి. తిండికి లేక ప్రభుత్వం మీద పడేవాళ్లు రాకూడదని అమెరికా 1882లోనే చట్టం చేసుకుంది. 1924 చట్టం వలసకు గట్టిగా తలుపులు మూసినా, చదువుకోవడానికి వచ్చేవాళ్లను వేరే తరగతిగా ఉంచింది. ఇప్పుడు మన పిల్లలు వెళ్లే ఎఫ్-1 వీసా 1952 చట్టంలోనిది. వాళ్ల అనుమానం మొదటినుంచీ ఒక్కటే: ఈ మనిషి ఖర్చు ఎవరు భరిస్తారు?

తెలుగువాళ్లలో ఆ ప్రశ్నకు నాకు తెలిసిన పాత జవాబు యల్లాప్రగడ సుబ్బారావుగారిది. 1920ల మొదట్లో ఆయన హార్వర్డ్‌కు వెళ్లడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మిగతాది పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సమకూర్చారు. అంత చేసినా అక్కడ చాలక బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకున్నారు. ఆయన కనిపెట్టిన మందుల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆయన భార్య శేషగిరిగారు గుర్తొస్తారు. పుట్టింటివాళ్ల డబ్బుతో భర్త ఓడెక్కాడు. ఆయన 1948లో న్యూయార్క్‌లో పోయేదాకా తిరిగి రాలేదు, ఆమె అక్కడికి వెళ్లలేదు. మామగారి డబ్బు అల్లుడి చదువుకు పెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది, సంబంధాల దగ్గర "అబ్బాయి ఎమ్మెస్ ఖర్చు" అని చాలా మర్యాదగా అడుగుతారు.

స్వాతంత్ర్యం వచ్చాక చిక్కు తిరగబడింది. డబ్బున్నా బయటికి తీసుకుపోయే వీల్లేదు. విదేశీ మారకం కరువు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలరును 4.76 నుంచి 7.50కి చేశారు. విమానం టిక్కెట్టు కొనాలన్నా రిజర్వు బ్యాంకు పి-ఫారం కావాలి. ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని దిగామని ఆ తరంవాళ్లు చెప్పేది అందుకే. ఒక ప్రభుత్వం డబ్బు చూపించమంటుంది, ఇంకో ప్రభుత్వం డబ్బు కదలనివ్వదు. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం ఇచ్చే అసిస్టెంట్‌షిప్పు, లేదా అక్కడున్న చుట్టం రాసిచ్చే అఫిడవిట్టే దిక్కు. 1965 చట్టం తర్వాత అక్కడ స్థిరపడ్డవాళ్లు పెరిగి, 80లకల్లా "అమెరికా చిన్నాయన" అన్నది ఒక ఆస్తి అయింది. మా వైపు అలాంటి చిన్నాయనలు తక్కువ. కోస్తావాళ్లకు ఉన్నారు, అందుకే వాళ్ల పిల్లలు ముందు వెళ్లారు అని నా అభిప్రాయం.

తర్వాత దారి తెరుచుకుంది. 2001లో బ్యాంకులకు నమూనా విద్యారుణ పథకం వచ్చింది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు మామూలు మనిషి ఏడాదికి 25,000 డాలర్లు పంపుకోవచ్చంది, ఇప్పుడది 2,50,000. వీసా కోసం ఆదోనిలో మెయిలెక్కి మద్రాసులో దిగే పని 2009లో హైదరాబాదు కాన్సులేట్ వీసాలు మొదలుపెట్టాక తప్పింది. 2023-24లో అమెరికాలో మన దేశం విద్యార్థులు 3,31,602 మంది, 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటారు.

మా ఇంటికొస్తే, మా పాప ఐ-20 మీద మొదటి ఏడాది ఖర్చు చూసి మా ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ వారంలోనే రెండు సలహాలు ఇంటికి వచ్చాయి. మొదటిది ఒక మధ్యవర్తి ద్వారా: లక్షకు ఇంత అని ఇస్తే ఖాతాలో డబ్బు వేస్తారు, బ్యాంకు ఉత్తరం తీసుకున్నాక వెనక్కి తీసుకుంటారు. "అందరూ చేసేదే వదినా" అన్నాడు చెప్పినాయన. రెండోది ఒక సంబంధం: నిశ్చితార్థం చేసుకుంటే అబ్బాయివాళ్లే స్పాన్సరుగా సంతకం పెడతారట.

రెండింటికీ నేనే వద్దన్నాను. మోసపు కాగితం అని తేలితే అమెరికా వీసా ఆ ఒక్కసారికి పోదు, ఎప్పటికీ రాకుండా నిషేధం పడొచ్చు. అది తెలియక చాలామంది "మహా అయితే రిజెక్టు చేస్తారు" అనుకుంటారు. సంబంధం సంగతి మా పాపే తేల్చింది. "అమ్మా, నా ఫీజు కట్టినోళ్ల ఇంట్లో నేను నోరెత్తగలనా?" అంది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వద్దన్నదాన్ని, దారి కూడా నేనే చూపాలి కదా.

నా పేరున కౌతాళం దగ్గర పుట్టింటి పొలం నాలుగెకరాలు ఉంది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణ వల్ల వచ్చింది. నేనప్పుడు బడి పిల్లను. పాస్‌పుస్తకం పట్టుకుని ధీమాగా బ్యాంకుకు వెళ్లాను. వ్యవసాయ భూమి తనఖాకు పనికిరాదన్నారు. 2002 సర్ఫేసీ చట్టం పొలాలకు వర్తించదు, కోర్టుకెళ్లకుండా జప్తు చేసుకునే వీలుండదు కాబట్టి బ్యాంకులు ముట్టుకోవు. రైతుకు ఆ చట్టం మంచే చేసింది, కాదనను. ఆ రోజు మాత్రం నా నాలుగెకరాలు ఆస్తుల లెక్కలో ఒక గీతగా మిగిలాయి.

పనికొచ్చేది ఊర్లో ఇల్లు. ఇల్లు మా అత్తమ్మ పేరున ఉంది. ఆమె తన కాసులపేరు, వంకీలు అమ్మి కొన్న స్థలం అది. 1956 వారసత్వ చట్టం వచ్చాక ఆడదాని ఆస్తి పూర్తిగా ఆమెదే కాబట్టి, ఆమె సరేనంటేనే ఏదైనా. ఇల్లు తాకట్టు అనే మాట డెబ్బై ఎనిమిదేళ్ల మనిషితో ఎలా అనాలో తెలియక మూడు రోజులు గడిపాను. చివరికి మా పాపే వెళ్లి కూర్చుని అంతా వివరంగా చెప్పింది.

బ్యాంకులో అత్తమ్మ కాగితాలు పక్కకు పెట్టి మేనేజరును అడిగింది. "నాయినా, ఈ పిల్ల కట్టలేకపోతే నా ఇల్లు తీసుకుంటారా?" ఆయన దాచకుండా చెప్పాడు. "కట్టకపోతే నోటీసులిస్తాం అవ్వా, అప్పటికీ కాకపోతే వేలం వేసే హక్కు మాకుంటుంది." ఆమె కాసేపు ఊరుకుంది. నా గుండె గొంతులోకొచ్చింది. "సరే, నిజం చెప్పినావు" అని ఒక్కో పేజీ మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. మొత్తం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

మిగిలిన తేడాకు నా నగల మీద లోను తీసుకున్నాం. అప్పు తీసి పంపిన ఫీజు మీద ఆ ఏడాది ముందస్తు పన్ను వసూలు లేదు. సొంత డబ్బుకైతే 10 లక్షలు దాటిన దానిమీద 5 శాతం పట్టుకునేవాళ్లు.

ఇంటర్వ్యూలో ఆఫీసరు మా పాపను నాలుగు ప్రశ్నలు అడిగాడట. అందులో ఒకటి ఖర్చు ఎవరు పెడుతున్నారని. బ్యాంకు లోను, మా జేజి ఇంటి మీద అని చెప్పింది. అడంగల్, తక్‌పట్టీలు, ఆస్తుల లెక్క ఉన్న ఫైలు ఆయన తెరవనే లేదు. అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. అత్తమ్మ దస్తావేజు బ్యాంకులో ఉంది. చదువు అయిపోయిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి.