పింగాణీ డిస్కుల నుంచి సెల్ చార్జర్ దాకా

జి.కొండూరు దాటి ఇబ్రహీంపట్నం వైపు వస్తుంటే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. 210 మెగావాట్ల తొలి యూనిట్ అక్కడ 1979లో నడిచింది. 1995 నాటికి అలాంటివి ఆరయ్యాయి. 2009లో 500 మెగావాట్ల ఏడోది చేరింది. విద్యుత్ బోర్డును నడిపించిన కృష్ణా జిల్లా బిడ్డ నార్ల తాతారావు పేరే ఆ కేంద్రానికి పెట్టారు.

అక్కడినుంచి బయల్దేరే టవర్లను ఆగి చూడాలి. 220 కిలోవోల్టుల తీగ వేలాడేది పదమూడు, పద్నాలుగు పింగాణీ డిస్కుల దండకు. 400 కిలోవోల్టులైతే ఇరవైకి పైనే. ఒక్కో డిస్కు అడుగున గొడుగు మడతల్లా గాట్లు ఉంటాయి. అవి అందానికి కాదు. కరెంటు పింగాణీ ఒంటిమీదుగా పాకి ఇనుప టవరును చేరాలంటే ఆ మడతలన్నీ ఎక్కి దిగాలి. డిస్కుల మీద పేరుకున్న బొగ్గు బూడిద పొడిగా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు. మార్గశిరంలో తెల్లవారుజామున మంచు పడి అది తడిసిందా, పాకడం మొదలై మెరుపు దూకుతుంది. అందుకే కాలుష్యాన్ని బట్టి ఆ దూరానికి అంతర్జాతీయ ప్రమాణం లెక్క కట్టింది: శుభ్రమైన గాలిలో కిలోవోల్టుకు 16 మిల్లీమీటర్లు, బాగా మురికి ఉన్నచోట 25. గరిష్ఠంగా 420 కిలోవోల్టులు మోసే లైనుకు ఈ రెండో లెక్కన పదిన్నర మీటర్లు!

ఇదే లెక్క ఇంట్లోకీ వచ్చింది. చార్జర్లలో విరివిగా వాడే పీసీ817 అనే ఆప్టోకప్లర్ కరెంటు వైపునూ ఫోను వైపునూ వెలుతురుతో మాత్రమే కలుపుతుంది. దాని వివరాల పత్రంలో 5000 వోల్టులని చూసి రోజూ అంత మోస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. అది గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉన్నప్పుడు ఒక్క నిమిషం పెట్టే పరీక్ష. నిత్యం తట్టుకోగల వోల్టేజి వేరు, దాన్ని విడిగా చూడాలి.

మరి 230 వోల్టుల ఇంటికి అంత పరీక్ష ఎందుకు? పిడుగు పడినా, లైనులో పెద్ద స్విచ్చు వేసినా క్షణంలో వేల వోల్టులు దూసుకొస్తాయి. ప్లగ్గు పెట్టి వాడే సామాన్లు 2500 వోల్టుల పోటును తట్టుకోవాలని ప్రమాణాలు లెక్కిస్తాయి. బూడిద సంగతీ అందులో ఉంది: పరికరం ఉండే చోటును మురికిని బట్టి నాలుగు తరగతులు చేశారు. మంచి చార్జరు విప్పితే ఆప్టోకప్లర్ కింద బోర్డును చీల్చిన సందు చాలాసార్లు కనిపిస్తుంది. టవరు మీద డిస్కు మడత చేసే పనే అది.

కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తప్పనిసరి నమోదు 2012 ఉత్తర్వుతో వచ్చి 2013లో అమలైంది; అడాప్టర్లు ఆ జాబితాలో తర్వాత చేరాయి. చార్జరు కొనేటప్పుడు ఒకదానిలో ఒకటి ఉన్న రెండు చదరాల గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ధర ఎంత తక్కువైనా వెనక్కి ఇచ్చేయండి.