రెండో ఇంజన్

2024 మార్చి 18న, అప్పటికి బాపట్ల జిల్లాలో ఉన్న కొరిశపాడు దగ్గర, 16వ నంబరు జాతీయ రహదారి మీద వైమానిక దళం వాళ్ళ ఏఎన్-32 దిగింది. ఆ వీడియో ఆఫీసులో కూర్చుని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఎత్తున పరుచుకున్న రెక్కలు, వాటి మీద రెండు ఇంజన్లు. ఈసారి కొనే రిమోట్ విమానానికి రెండు మోటర్లు ఉండాల్సిందే అని అప్పుడే అనుకున్నా.

రెండు ఇంజన్లంటే రెండింతల భద్రత అనుకుంటాం. ఈ హాబీ చరిత్ర చూస్తే ఆ నమ్మకం పోతుంది. దశాబ్దాల పాటు మోడల్ విమానాల్లో ఎక్కువగా వాడింది గ్లో ఇంజన్లు. మిథనాల్, నైట్రోమీథేన్, ఆముదం కలిపిన ఇంధనం (అవును, మన ఆముదమే). పైపులో చిన్న గాలి బుడగ దూరితే చాలు, ఆగిపోయేవి. రెండు పెడితే ఏదో ఒకటి ఆగే అవకాశం కూడా రెట్టింపు. ఒకటి ఆగిందంటే, తిరుగుతున్నది తన వైపు రెక్కని ముందుకు తోస్తుంది, ముక్కు ఆగిన వైపుకి తిరుగుతుంది. వేగం తక్కువగా ఉంటే విమానం బోర్లా పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు కూడా ట్విన్ అంటే జంకింది ఇందుకే.

కరెంటుతో ఎగరేసే ప్రయత్నం పాతదే. 1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ తన 'రేడియో క్వీన్'ని సిల్వర్-జింక్ బ్యాటరీతో, రేడియో కంట్రోల్‌లో ఎగరేశాడు. అదే ఏడాది జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ రేడియో లేని చిన్న ఎలక్ట్రిక్ మోడల్‌ని గాల్లోకి వదిలాడు. ఆ బొమ్మల పిచ్చే ముదిరి, 1973 అక్టోబర్ 21న ఆస్ట్రియాలో మనిషిని మోసిన తొలి ఎలక్ట్రిక్ విమానమైంది. కానీ నికెల్-కాడ్మియం బ్యాటరీల బరువు అందరినీ నేలకి కట్టేసింది. 1990లలో 'స్పీడ్ 400' లాంటి చవక మోటర్లు వచ్చాక రెండింటిని ఒకే బ్యాటరీకి కలిపేయడం మొదలైంది. తర్వాత బ్రష్‌లెస్ మోటర్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు. కార్బ్యురేటర్ బాధ లేదు, రెండూ ఒకేసారి తిరుగుతాయి. ట్విన్ మనలాంటివాళ్ళ చేతికొచ్చింది అప్పుడే.

డకోటా మీద మనసున్నా, కిందరెక్కల విమానం, నెమ్మదిస్తే రెక్క వాల్చేస్తుందని భయం. ట్విన్ ఆటర్ ఆకారంలో ఉన్న ఫోమ్ మోడల్ తీసుకున్నా. పైరెక్కలు, 1.2 మీటర్ల వెడల్పు, మూడు సెల్స్ బ్యాటరీ. తెనాలిలో రైలు మారి రేపల్లె వైపు మా బాబాయి వాళ్ళ ఊరికి తీసుకెళ్ళా. వరండాలో వైరింగ్ చేస్తుంటే ఆయన వచ్చి కూర్చున్నాడు. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి, ఒక మోటరు తిరగేయాలన్నాను.

"మూడు వైర్లేగా. ఏవో రెండు మార్చెయ్. బోరు మోటరు తిరగబడి తిరిగితే మేం చేసేది అదేగా."

బ్రష్‌లెస్ మోటరు త్రీఫేజే కదా అని నాకు తట్టడానికి ఇంజనీరింగ్ డిగ్రీ సరిపోలేదు. రిసీవరుకి రెండు ఈఎస్సీల నుంచీ కరెంటు వెళ్ళకుండా ఒకదాని ఎర్రవైరు పీకేయడం మాత్రం నేనే ఆయనకి చెప్పా.

బాపట్లలో సూర్యలంక బీచ్ ఎంత విశాలంగా ఉన్నా, పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. 2023 డిసెంబర్ విన్యాసాల్లో అక్కడ ఒక్క ఆకాశ్ యూనిట్ ఒకేసారి నాలుగు లక్ష్యాలని కూల్చింది. ఐదోది నాది కాకూడదు. డిజిటల్ స్కై మ్యాప్ చూసుకుని బాబాయి మాగాణికే వెళ్ళాం. మినుము తీసేశారు, కాలవలకి నీళ్ళు ఇంకా వదల్లేదు. పక్క చేలో మొక్కజొన్న. వచ్చే ఏడాదికి ఈ పొలం రొయ్యల చెరువుకి ఇచ్చేస్తున్నాడు, అంటే ఇక్కడ ఎగరేయడం ఇదే చివరిసారి. పైరగాలి మొదలుకాక ముందే, పొద్దున్నే వెళ్ళాం.

"ఒకటాగినా రెండోదాంతో వచ్చుద్దిలేరా," అన్నాడు బాబాయి, విమానం చేత్తో విసరబోతూ.

"అట్లా రాదు బాబాయ్," అన్నా. నమ్మలేదు.

మూడో చుట్టులో ఎడమ మోటరు గరగరలాడింది. ముక్కు ఎడమకి ఊగి, రెక్క వాలింది. చదివింది ఒకటి, చేతులు చేసింది ఒకటి. పవర్ పెంచి, స్టిక్ వెనక్కి లాగా. విమానం ఇంకా పల్టీ కొట్టబోయింది. అప్పుడు గుర్తొచ్చి రెండు మోటర్లూ ఆపేసి, ముక్కు కిందకి వదిలా. అంతసేపు గింజుకున్నది ఒక్కసారిగా గ్లైడర్ అయిపోయింది. నెమ్మదిగా, తిన్నగా వెళ్ళి మొక్కజొన్నలో దిగిపోయింది.

గట్టు దాటి బాబాయే వెళ్ళాడు. చాలాసేపు ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. విమానం నెత్తిమీద పెట్టుకుని బయటికొచ్చి, ఎడమ మోటరు దగ్గర ఊడి వేలాడుతున్న వైరు పట్టుకుని చూపించాడు. నేను సరిగ్గా బిగించని కనెక్టరు.

"ఫేజు పోయిందిరా," అన్నాడు.