భుజం నొప్పి కనిపెట్టిన కెమెరా

కెమెరా చరిత్ర అనగానే అందరూ లెన్సుల గురించో, ఫిల్ము గురించో, మెగాపిక్సెళ్ళ గురించో రాస్తారు. నాకైతే ఆ కథని ఇంకో వైపు నుంచి చూడాలనిపిస్తుంది. దాన్ని మోసిందెవరు? దారిలో పాడవకుండా ఎలా కాపాడుకున్నారు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని పోతే చాలు, ఇవాళ్టి డిజిటల్ కెమెరా దాకా వచ్చేస్తాం.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషాయన తడి పలక పద్ధతిని బయటపెట్టాడు. గాజు పలక మీద కలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, ఆ తడి ఆరేలోగా ఫొటో తీసి కడిగెయ్యాలి. పది పదిహేను నిమిషాల్లో అంతా అయిపోవాలి. మన ఎండల్లో అయితే అంత టైము కూడా దొరకదు. అంటే ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే చీకటిగది కూడా అక్కడికి వెళ్ళాల్సిందే! గుడారం, పలకలు, రసాయనాల సీసాలు, నీళ్ళు.. అన్నీ. శామ్యూల్ బోర్న్ 1863-66 మధ్య హిమాలయాలకి మూడుసార్లు వెళ్తే, ఆయన సామాను మోయడానికి పదుల మంది కూలీలు వెంట నడిచారు.

ఇక మన వైపు కథ. మా హుజూర్‌నగర్ అప్పట్లో నిజాం రాజ్యంలోది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. అన్నట్టు ఈయన కూడా ఇంజనీరింగ్ చదివినవాడే! రూర్కీలో థామసన్ కాలేజీలో చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగంలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. తరవాత ఉద్యోగం వదిలేసి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం 1894లో ఆయనకి ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. (ఉద్యోగం మానేసి ఫొటోగ్రఫీ చేసుకుంటానని ఇంట్లో అనే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.)

ఆయన హైదరాబాద్ వచ్చేనాటికి పొడి పలకలు వచ్చేశాయి. చీకటి గుడారం బాధ తప్పింది గానీ గాజు బరువు తప్పలేదు. చిన్న లెక్క వేద్దాం. పది అంగుళాలు బై పన్నెండు అంగుళాల పలక, మందం రెండు మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కోటి దాదాపు 400 గ్రాములు. యాభై పలకలంటే 20 కిలోలు! ఇంకా కెమెరా, స్టాండు, పెట్టెలు కలపలేదు. అది కూడా గాజు. బండి ఒక్కసారి గతుక్కుమంటే రోజంతా తీసినవి పోయినట్టే. అందుకే చెక్కపెట్టెల లోపల గాడులు పెట్టి, పలకకీ పలకకీ తగలకుండా నిలబెట్టేవారు. మన వేడికీ తేమకీ మామూలు చెక్క వంగిపోతుందని లండన్ కంపెనీలు టేకుతో, ఇత్తడి బిగింపులతో ప్రత్యేకంగా కెమెరాలు చేసి మన దేశానికి పంపేవి.

1889లో రైలు బెజవాడ దాకా వచ్చింది గానీ అది వరంగల్, ఖమ్మం మీదుగా పోయింది. మా వైపు ఊళ్ళకి ఎడ్లబండీ, మనిషి నెత్తీ, అంతే. ఆ నెత్తికి మా ప్రాంతంలో ఒక పేరుంది.. వెట్టి. ఊరికి వచ్చిన అధికారి సామాను కూలి లేకుండా పక్క ఊరి దాకా మోయడం వెట్టిలో ఒక భాగం. ఆంధ్ర మహాసభ 1930ల నుంచీ దాని మీద తీర్మానాలు చేసింది. 1946లో మొదలైన సాయుధ పోరాటంలో హుజూర్‌నగర్ తాలూకా ముందు వరసలో నిలిచిందంటే ఆ మోత కూడా ఒక కారణమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కెమెరాని తేలిక చేసింది ఎవరో చూడండి. పొడి పలకకి దారి చూపిన రిచర్డ్ మాడాక్స్ (1871) డాక్టరు. కలోడియన్‌లోని ఈథర్ వాసన ఆయన ఆరోగ్యానికి పడలేదు. జార్జ్ ఈస్ట్‌మన్ బ్యాంకు గుమాస్తా. 1877లో ప్రయాణానికని కొన్న ఫొటో సామాను బరువు చూసి విసిగిపోయాడు, 1888లో వంద ఫొటోల కొడాక్ డబ్బా తెచ్చాడు. 1925లో లైకా కెమెరాని బయటికి తెచ్చిన కంపెనీలో దాన్ని తయారుచేసిన ఆస్కార్ బర్నాక్‌కి ఉబ్బసం, పెద్ద కెమెరా మోస్తూ కొండలెక్కలేకపోయేవాడు. ముగ్గురిదీ సొంత బాధే! కూలీలున్న బోర్న్‌కి కెమెరాని చిన్నది చేయాలన్న అవసరమే కనపడలేదు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. అర్ధరాత్రి ఫోన్ ఎవడికి వస్తుందో వాడు కోడ్ రాస్తేనే బగ్గులు తగ్గుతాయి. బరువు ఎదుటివాడి నెత్తి మీద ఉన్నంతకాలం అది సమస్యలా కనపడదు.

1975లో కొడాక్‌లోనే స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా బరువు 3.6 కిలోలు. 0.01 మెగాపిక్సెల్. ఒక బొమ్మ క్యాసెట్ మీదకి ఎక్కడానికి 23 సెకన్లు! అక్కడి నుంచి ముప్ఫై ఏళ్ళలోనే చొక్కా జేబులోకి వచ్చేసింది.

బరువు పోయింది, జాగ్రత్త మాత్రం పోలేదు, రూపం మారిందంతే. మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఉంటుంది, రోడ్డు మీద నిలబడి లెన్సు మార్చారంటే సెన్సార్ మీద చుక్కలే. (2003లో ఒలింపస్ ఈ-1 సెన్సార్ ముందున్న ఫిల్టర్‌ని వణికించి దుమ్ము దులిపే ఏర్పాటుతో వచ్చింది.) ఏసీ బస్సు దిగగానే కెమెరా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, కాసేపు బ్యాగులోనే ఉంచాలి. వానాకాలంలో తోలు సంచిలో పెట్టి మూలన పడేస్తే లెన్సుకి బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బా మేలు.

కానీ వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. దీన్ దయాళ్ 1905లో పోయాడు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. పగిలిపోయే గాజు వందేళ్ళు బతికింది, ఎందుకంటే బరువైనదాన్ని ఎవరూ మర్చిపోలేరు, ఎక్కడో ఒకచోట జాగ్రత్తగా పెట్టాల్సిందే. మరి 2005లో తీసిన మీ ఇంటి పెళ్ళి ఫొటోలు ఏ సీడీలో ఉన్నాయి? ఆ సీడీ ఇప్పుడు చదవగలిగే యంత్రం మీ ఇంట్లో ఉందా? గోరంత మెమరీ కార్డుని మోయడం తేలిక, పోగొట్టుకోవడం ఇంకా తేలిక. కెమెరాకి సంచి కొనేటప్పుడు, ఫొటోలకి రెండో కాపీ పెట్టుకోవడానికి ఒక హార్డ్ డిస్కు కూడా కొనండి. ఇప్పుడు మోయాల్సిన బరువు అదే.