సొరోకిన్ - సామాజిక చలన సిద్ధాంతము

సమాజమున మనుజుడొక అంతస్తునుండి వేఱొక అంతస్తునకు ఏ మార్గమున చేరును? ఆ మార్గమునకు కావలియున్న వారెవరు? ఈ ప్రశ్నలకు శాస్త్రరూపము నొసగిన తొలివారిలో పితిరిం సొరోకిన్ ప్రముఖుడు. ఇతని ‘సామాజిక చలనము’ అను గ్రంథము 1927లో వెలువడెను. గ్రంథమును గ్రంథకర్త జీవితముతో జోడించి పరిశీలించుట మా యుద్దేశము.

సొరోకిన్ 1889లో ఉత్తర రష్యాయందలి వొలొగ్దా మండలమున, తూర్యా గ్రామమున జన్మించెను. తండ్రి ఊరూర తిరుగుచు చర్చీల పవిత్రపటములకు బంగారుపూత పూయు పనివాడు. తల్లి కోమి జాతి స్త్రీ. ఇతని బాల్యముననే గతించెను. ఇతడును ఆ పనియే చేయుచు చదువు గడించెను. జారు ప్రభుత్వమున చెఱసాల పాలయ్యెను; 1917లో కెరెన్‌స్కీకి కార్యదర్శి యయ్యెను; 1918లో బోల్షెవిక్కులచే మరణశిక్ష పొంది విముక్తుడయ్యెను; 1922లో దేశమునుండి బహిష్కృతుడయ్యెను. 1924లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున చేరెను.

ఇతని మతమున చలనము రెండు విధములు. ఒకే అంతస్తునందలి స్థానభేదము సమతలచలనము; అంతస్తు మాఱుట ఊర్ధ్వాధశ్చలనము. పూర్తిగా మూసిన సమాజము గాని, పూర్తిగా తెఱచిన సమాజము గాని లేదు. భారతదేశపు కులవ్యవస్థను చలనము మిక్కిలి స్వల్పమైనదానికి దృష్టాంతముగా చూపియు, అందు అది బొత్తిగా లేకపోలేదనెను. సైన్యము, మతసంస్థ, పాఠశాల మున్నగునవి పైకెక్కుటకు మార్గములు. పాఠశాల నిచ్చెన మాత్రమే కాదు, జల్లెడయు ననుట ఇతని సూక్ష్మదృష్టికి నిదర్శనము. చలనము కాలక్రమమున నిరంతరము పెరుగుచున్నదను నమ్మకమును ఇతడంగీకరింపలేదు. చరిత్రయందు దానికి స్థిరమైన దిశ కానరాదనెను.

అయినను గ్రంథమున ఒక లోపము కలదు. ఉన్నత వర్గములవారు సగటున దేహమునందును బుద్ధియందును అధికులని, ఆనాటి కొలతలను చూపి ఇతడు వాదించెను. వంశముతోపాటు పరిసరమును కారణముగా చెప్పెను గాని, ఆహారమును విద్యయు అందనివారి కొలత వారి శక్తికి కొలత కాజాలదని మేము తలంతుము. పూతపనివాని కుమారుడే ఇందులకు సాక్షి.

1930లో హార్వర్డునకు పోయి, అచట సమాజశాస్త్ర శాఖను స్థాపించెను. 1946లో ఆ శాఖ పార్సన్స్ నాయకత్వమున వేఱొక శాఖయందు లీనమయ్యెను. కొంతకాలము విస్మృతుడైన ఇతనిని అమెరికా సమాజశాస్త్రజ్ఞులు 1965లో తమ సంఘాధ్యక్షునిగా గౌరవించిరి. 1968లో పరమపదించెను. 1992లో ఎరిక్‌సన్, గోల్డ్‌తోర్ప్‌లు పారిశ్రామిక దేశముల లెక్కలను పరిశీలించి, సొరోకిన్ చెప్పిన దిశలేని హెచ్చుతగ్గులనే మరల కనుగొనిరి. కాలము గడచినంతనే సమానత్వము సిద్ధింపదని ఈ చరిత్ర మనకు బోధించుచున్నది. జల్లెడను ప్రతితరమును పరీక్షింపవలసియే యున్నది.