చెవి ముందు, నాలుక తరువాత

కంప్యూటరు మన నోటి మాట వినకపోతే తప్పు మన ఉచ్చారణదేనని మనవారిలో ఒక నమ్మకం పాతుకుపోయింది. మా బేగంపేట, అమీర్‌పేట ప్రాంతాల్లో అది మరీ గట్టిది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ప్రోగ్రాములతో పాటు ఆంగ్లం పలికే తీరునూ నేర్పుతూ వచ్చారు కదా! అయితే మాటను గుర్తించే యంత్రాల చరిత్రను పరిశీలిస్తే ఆ నింద సగమే న్యాయమని తోస్తుంది.

ఈ విద్యకు ఆద్యులలో ఒకరు మన తెలుగువారే. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డిగారిని లోకం రాజ్ రెడ్డిగా ఎరుగును. 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1952లో బెల్ ప్రయోగశాలవారి ‘ఆడ్రీ’ అంకెలను మాత్రమే గుర్తించగలిగేది. 1976 నాటికి రెడ్డిగారి బృందం తయారుచేసిన ‘హార్పీ’ 1011 పదాలను గుర్తించింది. అమరకోశం వల్లించినవారికి ఇది స్వల్పమే, యంత్రానికి మహాప్రస్థానం. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఆయన శిష్యుడు జేమ్స్ బేకర్ ఒక ధ్వని వెనుక ఏ ధ్వని రావచ్చునో సంభావ్యత లెక్కగట్టే మార్గం పట్టాడు. ఆ దారిలోనే 1997లో ‘డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్’ ఇళ్ళలోని కంప్యూటర్లకు వచ్చింది. అప్పట్లో వాడేవారు ముందుగా ఒక పాఠాన్ని బిగ్గరగా చదివి తమ గొంతును దానికి అలవాటు చేయవలసి వచ్చేది. శిష్యుడే గురువుచేత వల్లె వేయించడమన్నమాట!

2006 జూలైలో మైక్రోసాఫ్ట్‌వారు విస్టాలోని ఈ సౌకర్యాన్ని సభలో ప్రదర్శించారు. అమ్మకు ఉత్తరం చెప్పబోతే తెరపై అమ్మ స్థానంలో ‘ఆంట్’ వెలసింది. దిద్దబోయి ఇచ్చిన ఆదేశాలు కూడా ఉత్తరంలోని మాటలుగానే చేరిపోయాయి. కారణం యాస కాదు. మైకు నుండి వచ్చే ధ్వనిస్థాయిని హెచ్చించే చోట ఉన్న లోపమని తరువాత తేలింది. అమెరికాలోనే, ఆంగ్లంలోనే, తయారుచేసినవారి ఎదుటనే జరిగిన సంగతి ఇది.

కనుక ముందు పరీక్షించవలసింది చెవిని. మైకు నోటికి దగ్గరగా, ఊపిరి నేరుగా తగలకుండా ఓ పక్కకు ఉండాలి. ధ్వనిస్థాయి మరీ తగ్గినా, హెచ్చి పగిలినా మాట చెడుతుంది. ఫ్యాను ఆపాలి. 2008 మార్చి వరకు బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు ఎగిరేవి. మా ఇంటి మీదుగా ఒకటి పోయిందంటే నేను పలకని మాటలు తెరపై పుట్టుకొచ్చేవి! ఇవన్నీ సరిచూశాకనే మళ్ళీ పాఠం చదివి గొంతును అలవాటు చేయవలసి ఉండేది.

నాలుక వంతు లేదని కాదు. ఆంగ్లేయులు పదాదిని ప, ట, క లను ఇంచుమించు మహాప్రాణాలుగా ఒత్తి పలుకుతారు. మనం అల్పప్రాణాలుగానే పలుకుతాం. మన ‘ప్యాక్’ వారి చెవికి ‘బ్యాక్’ కావచ్చు. వారికి రెండు వకారాలు, మనకు ఒకటే. దీన్ని దోషమనడానికి నా మనసొప్పదు. వారి గొంతులపై సాధన చేసిన యంత్రానికి మన గొంతు పరిచయం లేదు, అంతే.

ఆ పరిచయం ఆలస్యంగా జరిగింది. గూగుల్‌వారు మాటను రాతగా మార్చే తమ సౌకర్యంలో తెలుగును చేర్చింది 2017 ఆగస్టులో. కాటూరు బిడ్డ డాక్టరేటు పుచ్చుకొని అప్పటికి 51 సంవత్సరాలు.